రోజా బదులు

జులై 8

రోజా పొట్టలో మళ్ళీ నీళ్ళు చేరాయి. స్కానింగు చూసి నెల్లూరు డాక్టరుగారు చెప్పారు. ఆపరేషనై, ఆరు కీమోలు అయి ఏడాది గడిచిందో లేదో. అప్పుడు ఆయన "ప్రస్తుతానికి ఫర్వాలేదు" అన్నారు. నేను 'ఫర్వాలేదు' విన్నాను. రోజా 'ప్రస్తుతానికి' విన్నట్టుంది. ఈరోజు ఆయన చెబుతుంటే ఆమె మొహంలో ఆశ్చర్యమే లేదు.

కోటకు తిరిగొచ్చే బస్సులో ఒక్క మాట అడిగింది.

"కామాక్షికి చెప్తావా బావా?"

"పరీక్షలు కానీ," అన్నాను.

కావలి హాస్టల్లో ఉన్న మా పిల్లకు ఇప్పుడీ సంగతి తెలిస్తే పుస్తకం ముట్టదు. తల్లికి ఆ మాత్రం తెలియదా. తెలుసు. అందుకే ఇంక మాట్లాడకుండా కిటికీ వైపు తిరిగింది.

జులై 12

కొత్త మందు మొదలుపెట్టారు. మూడు వారాలకొకసారి ఎక్కిస్తారు.

డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఇది గట్టి మందు. ఆమె తన పనులు తాను చేసుకుంటున్నంత వరకు ఇద్దాం. మంచం పట్టిందంటే మాత్రం మేలు కంటే కీడే ఎక్కువ. అప్పుడు ఆపేసి, నొప్పి లేకుండా చూసుకుందాం" అన్నారు. 'ఆపేసి' తర్వాత ఆయన ఇంకా చాలా చెప్పారు. నాకు గుర్తు లేదు.

మందు ఎక్కించే ముందు మగ్దలీనమ్మగారని పెద్ద నర్సు ఒకావిడ కాగితాలు పట్టుకుని వచ్చి కూర్చుంది. ప్రతిసారీ కొన్ని ప్రశ్నలు అడుగుతారట. "గడ్డ సంగతి స్కానింగు చెప్తాది. మనిషి సంగతి మనిషే చెప్పాల గదమ్మా" అంది. నడవగలుగుతున్నారా, పగలు పడుకునే ఉండాల్సి వస్తోందా, నిద్ర ఉందా, దిగులుగా ఉంటోందా, ఇంట్లో వాళ్ళతో గడపడానికి జబ్బు అడ్డమొస్తోందా. అసలు లేదు, కొంచెం, బాగానే, చాలా ఎక్కువ. వీటిలో ఒకటి చెప్పాలి. ఆఖర్న, మొత్తం మీద ఈ వారం మీ బతుకు ఎలా ఉంది, ఒకటి నుంచి ఏడులోపు ఒక అంకె చెప్పమంటారు. ఏడంటే చాలా బాగున్నట్టు.

రోజా నవ్వింది. "ఆయన్నడగండక్కా. అంకెలు ఆయనకే తెలుసు. రొయ్యల గుంటల్లో నీళ్ళెట్టా ఉండాయో చెప్పేది మా బావే."

నేనే చెప్పాను. ఆరు. ఆరోజుకు అది నిజమే.

జులై 16

వాంతులు. ఇడ్లీ ముక్క కూడా నిలవలేదు.

జులై 20

చాలా రోజుల తర్వాత ల్యాబుకు వెళ్ళాను. పోలేరయ్య తన గుంటలో నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి కూర్చుని ఉన్నాడు. పరీక్ష చేసి, రొయ్య ఇక నిలవదు, ఈ వారమే పట్టేయమన్నాను. ఇంకో పది రోజులు ఉంచితే తూకం వస్తుందని బతిమాలాడు. "నువ్వెంత బతిమాలినా నీళ్ళు మారవు పోలేరయ్యా" అన్నాను. తిట్టుకుంటూ పోయాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా పని. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి రోజా వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంది. అన్నం పెడదామని లేచిందట. కళ్ళు తిరిగి అక్కడే ఆగిపోయిందట. ఇక వంటింట్లోకి రావద్దని గట్టిగా చెప్పాను.

ఆగస్టు 2

రెండో కీమో.

"నడుస్తా ఉండాదా?" అని మగ్దలీనమ్మగారు అడిగింది.

"నడుస్తోంది."

నడుస్తోంది. మంచం నుంచి బాత్రూముదాకా, నా భుజం పట్టుకుని. భుజం సంగతి ఆమె అడగలేదు.

"పగలు పడుకునే ఉంటాదా?"

"మధ్యాహ్నం కాసేపు."

మగ్దలీనమ్మగారు రోజా వైపు చూసింది. రోజా కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, నిద్ర నటిస్తోందో. ఆఖరి ప్రశ్నకు అయిదు చెప్పాను. పోయినసారి కంటే ఒకటి తగ్గించాను కదా. మరీ బాగుందని చెప్పలేదు.

మందు ఎక్కించారు. ఇచ్చారంటే ఆశ ఉన్నట్టే.

ఆగస్టు 6

ఏమీ తినలేదు.

ఆగస్టు 7

అదే.

ఆగస్టు 10

మైపాడు నుంచి రోజా అక్క, అంకాలమ్మ వదిన వచ్చింది. బుట్టలో ఐసు వేసి చందువ చేపలు తెచ్చింది. చెల్లెలికి చిన్నప్పటి నుంచి అవంటే ప్రాణం. నేను వాకిట్లోనే ఆపాను. తెల్లకణాలు తక్కువగా ఉన్నాయి, ఏ చిన్న జబ్బు అంటినా ప్రమాదమని ఆసుపత్రిలో చెప్పారు. మాస్కు ఇచ్చి గుమ్మం దగ్గరే కుర్చీ వేశాను.

"ఏంది చిన్నబాబూ, నా చెల్లిని నేను చూసేదానికి మూతి కట్టుకోవాల్నా?"

"డాక్టరు చెప్పినారు వదినా."

"చేపలన్నా వొండియ్యనీ. పులుసు రెండు చుక్కలు నాలిక్కి తగిలితే లేచి కూచుంటాది."

"ఇప్పుడు పులుపు, కారం వద్దు వదినా. వాంతులు."

కాసేపు గుమ్మంలోంచే చెల్లెలిని చూస్తూ కూర్చుంది. మాస్కులోంచి వదిన మాట రోజాకు వినపడదు, రోజా గొంతు గుమ్మందాకా రాదు. వెళ్ళేటప్పుడు నాతో, "నాలుగు రోజులు నా దగ్గరికి పంపియ్యి. గాలి మారితే బాగుంటాది" అంది. కీమో మధ్యలో ఎలా పంపుతానన్నాను. చేపల బుట్ట పక్కింటి వాళ్ళకు ఇచ్చి బస్సెక్కింది.

నేను చేసింది సరైనదే. డాక్టరుగారు కూడా ఇదే చెప్పేవారు.

ఆగస్టు 15

కామాక్షి ఫోను చేసింది. అమ్మ నిద్రపోతోందని చెప్పాను. నిన్నా అదే చెప్పాను. మొన్న కూడా. రోజా గొంతు ఇప్పుడు బాగా పీలగా వస్తోంది, ఒక్క మాట వింటే పిల్ల పట్టేస్తుంది. పండక్కి రానా అని అడిగింది. వద్దు, చదువుకో, అమ్మ బాగుంది అన్నాను.

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగితే రోజా కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది.

"నేను నిద్రపోతా ఉండానా బావా?"

గంజి కాచాలని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆగస్టు 23

మూడో కీమో. పొద్దున తలగుడ్డ మార్చి, మంచి చీర కట్టించి, బొట్టు పెట్టాను. ఆసుపత్రి గుమ్మంలో ఆయా చక్రాల కుర్చీ తెస్తే వద్దన్నాను. డాక్టరుగారి గది వరాండా చివర ఉంది. నడిపించాను.

"కాసేపు కూచుంటా బావా."

"ఇంకెంత, వచ్చేసినాం."

"నా వల్ల కాలా."

"వచ్చేసినాం రోజా. ఆయన చూస్తా ఉండాడు."

డాక్టరుగారు తలెత్తి చూసేసరికి రోజా తన కాళ్ళ మీద నిలబడి ఉంది. ఆమె నడుం వెనక నా చెయ్యి ఉంది. "బాగానే ఉన్నారే" అన్నారాయన. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషమే అనుకుంటాను.

మగ్దలీనమ్మగారికి ఈసారీ అయిదే చెప్పాను. ఆవిడ వెంటనే రాసుకోలేదు. "అమ్మా, మీరేమంటారు?" అని రోజాను అడిగింది. రోజా నా మొహం చూసింది. "ఆయన చెప్పిందే" అంది.

ఆగస్టు 30

జ్వరం. చలి వణుకు. ఆటోలో గూడూరు, అక్కడి నుంచి అంబులెన్సులో నెల్లూరు. ఆసుపత్రిలో చేర్చారు.

సెప్టెంబరు 1

తెల్లకణాలు దాదాపు లేవంట. నన్ను లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి చూశాను.

సెప్టెంబరు 2

అద్దంలోంచి.

సెప్టెంబరు 5

జ్వరం దిగింది. నిన్న వార్డుకు మార్చారు. ఈరోజు మగ్దలీనమ్మగారు వచ్చి, "మీరు కాసేపు బయట కూర్చోండి. ఈ దఫా ఆమెనే చెప్పనీండి" అంది. మెత్తగానే అంది. బయట బల్ల మీద కూర్చున్నాను. లోపలి నుంచి ఏమీ వినపడలేదు. ఎప్పుడూ చిటికెలో అయిపోయే పని ఈరోజు చాలాసేపు పట్టింది. ఆవిడ బయటికి వచ్చినప్పుడు కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

సాయంత్రం డాక్టరుగారు రోజా మంచం దగ్గరికే వచ్చారు. నన్నూ ఉండమన్నారు.

"మొత్తం మీద రెండు అని చెప్పారు మీ ఆవిడ. మీరు పోయిన నెలలో అయిదన్నారు."

నేను మంచం చివర దుప్పటి సర్దాను.

"ఈ మూడో మందుకు ముందు ఇంట్లో సాయం లేకుండా లేచి తిరిగేదా?"

"తిరిగేది సార్," అన్నాను. ఇంకా ఎందుకలా అన్నానో.

"లేదు సార్," అంది రోజా. "జులై నెలాఖరు నించే లేవలా. నన్ను మోసింది ఈయనే."

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇంత నీరసంలో ఉన్న మనిషికి ఆ మూడోది ఇచ్చి ఉండేవాణ్ణి కాదు" అన్నారు, అంతే. ఇక ఈ మందు వద్దన్నారు. ఇంకొకటి ఏదైనా ఉందా అని అడిగాను. "ఉన్నాయి. ఆమెకు పనికొచ్చేవి లేవు" అన్నారు. నొప్పికి మాత్రలు, నీళ్ళు చేరినప్పుడు తీయడం, ఇంటి దగ్గరే ఉండటం. ఇంకెన్నాళ్ళని రోజాయే అడిగింది. వారాలు అన్నారు. ఆమె తల ఊపింది, బస్సు టైము చెప్పినట్టు.

సెప్టెంబరు 6

రెండు. కనీసం మూడు కూడా కాదు.

ఎవరు ఒళ్ళు తుడిచారు, ఎవరు వాంతులు ఎత్తారు, ల్యాబు మానుకుని ఎవరు పక్కన కూర్చున్నారు? ఇంత చేస్తే రెండా? నిన్న రాత్రంతా ఆమెతో మాట్లాడలేదు. ఈరోజు పొద్దున కూడా మాట్లాడలేదు. గంజి పట్టాను, నోరు తుడిచాను, మాత్ర వేశాను, మాట మాత్రం లేదు. చావబోయే మనిషి మీద అలిగాను. రాసుకుంటుంటే సిగ్గుగా ఉంది. కానీ అలిగాను.

మధ్యాహ్నం ఇక పట్టలేక అడిగేశాను.

"నేనేం తక్కువ చేసినాను రోజా?"

"నువ్వేం తక్కువ చేయలా. నీకు మార్కులేసినాననుకున్నావా?"

"మరి రెండేంది?"

ఊపిరి కూడదీసుకుంది.

"నొప్పికి కాదు బావా. నొప్పి వస్తాది, పోతాది. అక్క గుమ్మందాకా వచ్చి ఎనక్కి పోయింది. పిల్ల ఫోను చేస్తే నేను నిద్రపోతా ఉండానంట. పొద్దున్నించీ గోడ చూడ్డం, సాయంత్రం దాకా గోడ చూడ్డం. నేను పోతాననేది నాకూ తెలుసు, నీకూ తెలుసు. ఆ మాటొకటి ఇంట్లో అనరాదు. ఇంత మంది ఉండీ వొంటిగా ఉండాను. దానికి రెండే ఎక్కువ."

"మరప్పుడే చెప్పకూడదా? ప్రతిసారీ నేను అంకె చెప్తుంటే పక్కనే ఉన్నావు గదా."

"నువ్వు అయిదనేటప్పుడు నీ మొహం చూసేదాన్ని. ఆ అయిదు నీకు కావాల. అట్టే ఉండనీలే అనుకున్నా. ఆ వరాండాలో నడిపించినావే, ఆరోజు మాత్రం నిన్ను కొట్టాలనిపించింది."

నేను ఆమె మంచం పట్టీ మీద తల పెట్టుకున్నాను. కొట్టలేదు. చెయ్యెత్తే ఓపిక లేదు. వేళ్ళు నా జుట్టులో కాసేపు కదిలి ఆగిపోయాయి.

సెప్టెంబరు 8

కామాక్షికి ఫోను చేసి అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను.

"ఎప్పటి నించి నాయనా?"

"జులై నుంచి."

"నేను ఫోను చేసినప్పుడంతా మేలుకొనే ఉండిందా?"

"ఆఁ."

పెట్టేసింది. సాయంత్రానికి బ్యాగుతో ఆసుపత్రికి వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి, చెప్పులు విడిచి, ఆ ఇరుకు మంచం మీదే తల్లి పక్కన ఒరిగి పడుకుంది. నర్సు వచ్చి అలా పడుకోకూడదంది. ఎవరూ లేవలేదు.

సెప్టెంబరు 13

మైపాడు. వదిన ఇల్లు. రోజాయే ఇక్కడికి రావాలని అడిగింది. పొట్టలో నీళ్ళు తీసి, నొప్పి మాత్రలు ఎలా వేయాలో కామాక్షికి నేర్పి పంపించారు. నాకు నేర్పలేదు. పిల్లే ముందుకు వచ్చి నేర్చుకుంది.

వసారాలో నులకమంచం వేశారు. రోడ్డు, ఎండబెట్టిన వలలు, ఆ సందులోంచి కొంచెం సముద్రం కనిపిస్తాయి. పొద్దున్నుంచి ఒకటే జనం. చేపల తట్టలు దించి మంచం పట్టీ మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ చెప్పి పోతున్నారు. ఎవరికీ మాస్కు లేదు. నా ప్రాణం గిలగిలలాడింది. ఏమీ అనలేదు.

సెప్టెంబరు 17

బయట పంపు దగ్గర స్నానం చేస్తుంటే లోపల్నుంచి కేకలు వినిపించాయి. ఏమైందోనని తడి గుడ్డతోనే పరిగెత్తాను.

"పులుసులో చింతపండు ఇంత కుమ్మరిస్తారా? అమ్మ ఇట్టానా చేసేది?"

"అమ్మ చేసింది నీకేం తెలుసే? నువ్వప్పుడు చెడ్డీ కూడా ఏసుకోలా!"

"నీ మొగుడు బతికినన్నాళ్ళూ ఎట్టా తిన్నాడో ఈ పులుసు!"

"లొట్టలేసుకుంటా తిన్నాడు!"

రోజా మంచం మీద సగం లేచి కూర్చుని ఉంది. వదిన గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కామాక్షి పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ పీల గొంతుతో పోట్లాడుతోంది నా పెళ్ళాం. జులై నుంచి నాతో ఒక్కసారీ పోట్లాడలేదు. నేను ఒళ్ళంతా నీళ్ళు కారుతూ గుమ్మంలోనే నిలబడిపోయాను.

రెండు ముద్దలు తింది. సాయంత్రం వాంతి చేసుకుంది. "అయినా బాగుండింది" అంది.

సెప్టెంబరు 21

మంచి రోజు కాదు. మాత్రలు చాలలేదు. ఆసుపత్రికి ఫోను చేస్తే మోతాదు పెంచమన్నారు. ఎప్పుడూ నిద్రమత్తు.

సెప్టెంబరు 27

మగ్దలీనమ్మగారు ఫోను చేసింది. ప్రశ్నలు అడగాలట. "ఓపిక లేకపోతే వద్దులెండి" అంది. ఫోను రోజా చేతికిచ్చి, రోడ్డు దాటి పడవల దాకా వెళ్ళాను. ఇంజను విప్పుకుని బాగు చేసుకుంటున్న వాళ్ళతో ఏదో మాట్లాడుతూ నిలబడ్డాను. తిరిగొస్తే ఫోను దిండు మీద ఉంది.

"ఎంత చెప్పినానో అడగవా?"

"అడగను."

"అడిగితే చెప్తా."

"వద్దులే."

నవ్వింది. నా చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. బిగుసుకుపోయి ఉంది. మళ్ళీ నీళ్ళు.

అక్టోబరు 2

ఈరోజు తాను పోయాక సంగతులు చెప్పింది. నీలం చీర కట్టమంది. కోటకు తీసుకుపోవద్దు, ఇక్కడే కానివ్వమంది. కామాక్షి చదువు మధ్యలో ఆపనివ్వద్దంది. ఇంతకుముందయితే "ఊరుకో, అవన్నీ ఎందుకిప్పుడు" అనేవాణ్ణి. నోటి దాకా వచ్చింది కూడా. మింగేసి, ఏ నీలం చీర అని అడిగాను. ముదురుదట. దానికి జాకెట్టు కొత్తగా కుట్టించాలి, పాతది వదులై ఉంటుంది అంది.

"ఇంకేంది?" అన్నాను.

"నువ్వు మళ్ళా ల్యాబుకు పో. ఇంట్లో ఒక్కడివే కూచోబాక. గోడ చూస్తే మంచిది కాదు."

అక్టోబరు 9

వాన. మింగడం కష్టంగా ఉంది. దూదితో నోరు తడుపుతున్నాం. ముగ్గురం వంతులు వేసుకుంటున్నాం. నా వంతులో కామాక్షి లేచి వెళ్ళిపోతుంది. అవసరమైతేనే మాట, అదీ గోడకేసి చూస్తూ. రోజా ఇది చూసింది. "నాయన్ను ఏమీ అనబాక" అని పిల్లకు చెప్పడం విన్నాను. పిల్ల జవాబు వినపడలేదు.

అక్టోబరు 11

మూలుగు. మందుకు కూడా ఆగడం లేదు. ఆసుపత్రి నుంచి నర్సు వచ్చి చర్మం కింద సూది పెట్టి వెళ్ళింది.

అక్టోబరు 12

మూలుగు. కాస్త తగ్గి, మళ్ళీ.

అక్టోబరు 14

తెల్లవారాక పోయింది. కామాక్షి చెయ్యి పట్టుకుని ఉంది. నేను పంపు దగ్గర ఉన్నాను.

అక్టోబరు 17

మా అన్న మాల్యాద్రి మొన్న అంత్యక్రియలకు రాలేకపోయాడు, ఈరోజు వచ్చాడు. వసారాలో ఇంకా నులకమంచం అలాగే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోవడం లేదు. అన్న కింద చాప మీద కూర్చుని నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలేరా. బాధ పడకుండా సుఖంగా పోయింది. అంతకంటే ఏం కావాల."

"సుఖంగానే పోయిందన్నా," అన్నాను. నా ప్రమేయం లేకుండానే నోరు ఆ మాట అనేసింది.

కామాక్షి టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది.

"లేదు పెదనాయనా," అంది. "బాధ పడింది. ఆఖర్న శానా బాధ పడింది, చూడలేకపోయినాం. కానీ ఈడికి వచ్చినాక కొన్ని రోజులు బాగుండింది. పులుసు బాగలేదని పెద్దమ్మతో కొట్లాడింది. నవ్వింది. రెండూ జరిగినాయి."

అన్న ఇబ్బందిగా నా వైపు చూశాడు. పిల్ల నోరు మూయించమన్నట్టుంది ఆ చూపు.

"అవునన్నా," అన్నాను. "అది చెప్పిందే నిజం. బాధ పడింది. అందులో కొంత నా వల్ల పడింది."

వదిన లోపల గిన్నె పెట్టిన చప్పుడు వినిపించింది. కామాక్షి నా మొహంలోకి చూసింది. ఆసుపత్రికి వచ్చిన రోజు నుంచి ఈ పిల్ల నన్ను నేరుగా చూడటం ఇదే మొదటిసారి. ఎంతసేపు చూసిందో తెలియదు. నేను తల దించుకోలేదు.

తర్వాత గ్లాసు నా చేతికి ఇచ్చి, "తాగు నాయనా, ఆరిపోతా ఉండాది" అని, నా పక్కనే చాప మీద కూర్చుంది.